మారనిది ముందు తేల్చుకోండి

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ‘ఎఫ్‌పీజీఏలో పార్షియల్ రీకాన్ఫిగరేషన్’ అని పేరు రాసిచ్చేశారు. గైడ్‌గారు సరేనన్నారు. ల్యాబులో జింక్ 7020 చిప్ ఉన్న బోర్డు చేతికిచ్చారు. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేట హాస్టల్ గదిలో వివాడో టూల్ తెరిచి, ఎక్కడ మొదలుపెట్టాలో పాలుపోక కూర్చున్నారా? పొద్దున్నే వడ్లమూడి బస్సెక్కేవాళ్లయినా, చౌడవరం వెళ్లేవాళ్లయినా, నంబూరు, వడ్డేశ్వరం దాకా పోయేవాళ్లయినా, ఈ ప్రాజెక్టు ఎత్తుకున్నవాళ్లు దాదాపు ఒకేచోట ఇరుక్కుంటారు. ఆ చోటేదో ముందే తెలిస్తే మీకు బోలెడు కాలం కలిసొస్తుంది.

సిద్ధాంతం మీ పుస్తకాల్లో ఉంది, దాని జోలికి పోను. ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. చిప్‌లోని కాన్ఫిగరేషన్ మెమరీలో పడిన బిట్లే అక్కడ ఏ సర్క్యూట్ ఉండాలో నిర్ణయిస్తాయి. మిగతా సర్క్యూట్ పని చేస్తూండగానే ఆ బిట్లలో కొన్నింటిని తిరగరాయడమే మీ ప్రాజెక్టు. వివాడోలో ఇప్పుడు దీన్ని డైనమిక్ ఫంక్షన్ ఎక్స్‌చేంజ్, క్లుప్తంగా డీఎఫ్‌ఎక్స్ అంటున్నారు. మెనూలో పాత పేరు కనబడలేదని కంగారుపడకండి.

మరి ఎక్కడ ఇరుక్కుంటారు? అందరూ మారే భాగం మీద పడతారు. ఫిల్టర్ ఎలా రాయాలి, రెండో ఫిల్టర్ ఎలా రాయాలి అని నెలలు గడుపుతారు. తిప్పలు అక్కడ ఉండవు. మారని భాగంలో ఉంటాయి, ఈ రెండూ కలిసే సరిహద్దులో ఉంటాయి. మీ బ్రాడీపేట లైన్లలోనే ఏదో ఒక నర్సింగ్ హోమ్‌లో, పక్క వార్డుల్లో రోగులుండగానే ఒక వార్డుకు మరమ్మతులు చేస్తూంటారు. అక్కడ మేస్త్రీ గోడ మీద దెబ్బ వేసేలోపు ఏం జరగాలి? ఆ వార్డుకు పోయే ఆక్సిజన్ లైను కట్టెయ్యాలి. తలుపు మూయాలి. దుమ్ము అవతలికి పోకుండా తెర కట్టాలి. గోడ కొట్టడం ఆ తర్వాత సంగతి. మీరు చెయ్యబోయేదీ అదే.

ఇది మార్కుల కోసం చేసే ల్యాబ్ పని మాత్రమే అనుకుంటున్నారా? 2017లో అమెజాన్ తన క్లౌడ్‌లో ఎఫ్‌1 పేరుతో ఎఫ్‌పీజీఏలను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అందులో పీసీఐ ఎక్స్‌ప్రెస్, మెమరీ లంకెలు చూసుకునే ‘షెల్’ అనే భాగం కదలకుండా ఉండేది. అద్దెకు తీసుకున్నవాళ్ల సర్క్యూట్ దాని పక్కన వచ్చి కూర్చునేది, పని అయ్యాక పోయేది. 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లో వర్టెక్స్-5 జాతి ఎఫ్‌పీజీఏ ఉంది. దిగేటప్పుడు నేలను చూసి చోటు గుర్తుపట్టే పనికి వాడిన ఆ చిప్‌నే, దిగాక రోవర్ తనంతట తాను నడవడానికి కావలసిన పనికి మార్చుకున్నారు. అక్కడ మార్చింది మొత్తం సర్క్యూటునా, కొంత భాగాన్నా అన్నది పక్కనపెట్టండి. ఒకే చిప్‌ను వేళకో పనికి వాడుకోవడమనే ఆలోచన మీరు చదువుతున్నదే. అంత దూరం ఎందుకు? ఈ చిప్‌లు చేసే జైలింక్స్‌కు హైదరాబాద్‌లో పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం ఉండేది. 2022 ఫిబ్రవరిలో ఆ కంపెనీని ఏఎండీ కొనుక్కుంది. గుంటూరు నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్లోనే ఈ విద్యకు ఉద్యోగాలున్నాయి.

ఇక పనిలోకి వద్దాం.

1. నిజంగా అవసరమా అని మిమ్మల్ని మీరు అడగండి

ఒక ఉదాహరణ పట్టుకుని అధ్యాయమంతా నడుద్దాం. మన ఊరి పంటే. బెల్టు మీద మిరపకాయలు పోతున్నాయి, పైన కెమెరా ఉంది. తాలు కాయల్ని గుర్తుపట్టి పక్కకు తోయాలి. ఒక లాటు తేజ, తర్వాతి లాటు 334, ఆ తర్వాతది బ్యాడిగి. లాటు మారినప్పుడల్లా మీ సర్క్యూట్‌లో ఏం మారాలి?

ఎరుపు ఎంతుంటే మంచికాయ అన్న హద్దు ఒక్కటే మారితే డీఎఫ్‌ఎక్స్ అక్కర్లేదు. ఒక రిజిస్టర్‌లో కొత్త సంఖ్య రాయండి, పని అయిపోతుంది. లెక్కించే పద్ధతే మారాలంటే, అంటే ఒక రకానికి రంగు చూడాలి, ఇంకోదానికి కాయ ఆకారం చూడాలి, మూడోదానికి తొక్క మీది మచ్చలు చూడాలి అంటే, అప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా వెంటనే దూకొద్దు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఏమడుగుతారో తెలుసా?

“మూడు సర్క్యూట్లూ లోపలే పెట్టేసి, ముందొక మక్స్ పెడితే సరిపోయేదిగా అమ్మా? ఇంత హడావిడి ఎందుకు?”

ఈ ప్రశ్నకు జవాబు అంకెల్లో చెప్పాలి. జింక్ 7020లో లుకప్ టేబుళ్లు, అంటే లట్లు, 53,200. మీ మారని భాగం 20,000 లట్లు తీసుకుందనుకుందాం. ఒక్కో పద్ధతికి 14,000 కావాలనుకుందాం. మూడింటికి 42,000. మొత్తం 62,000. చిప్‌లో పట్టవు. అదే 16,000 లట్ల చోటు ఒక్కటి ఖాళీగా ఉంచి, మూడింటినీ వంతులవారీగా అందులో కూర్చోబెడితే మొత్తం 36,000తో సరిపోతుంది. “సార్, పట్టవు సార్, ఇదిగో లెక్క” అని కాగితం చూపించండి. ఒకవేళ మీ లెక్కలో మూడూ పట్టేస్తే? అప్పుడు మక్సే మంచి ఇంజనీరింగ్. ఆ మాట నిజాయితీగా ఒప్పుకుని, పెద్ద పద్ధతుల్ని ఎంచుకోండి, లేదా ప్రాజెక్టు మార్చుకోండి. ఈ పని జనవరిలో చేస్తే ఇబ్బంది లేదు, మార్చి నెలాఖరులో చేస్తే కష్టం.

2. మారనివాటి జాబితా కాగితం మీద రాయండి

వివాడో ఇంకా తెరవొద్దు. తెల్ల కాగితం తీసుకుని, మార్పిడి జరిగే ఆ కొద్ది క్షణాల్లో కూడా పని చేస్తూనే ఉండాల్సినవేమిటో రాయండి. కెమెరా నుంచి పిక్సెళ్లు తీసుకునే భాగం. వాటిని డీడీఆర్ మెమరీలో పెట్టే డీఎంఏ. బెల్టు మోటారుకు పోయే పల్సులు. ప్రాసెసర్‌తో మాట్లాడే ఏఎక్స్‌ఐ దారులు. రీసెట్. క్లాకులు.

క్లాకుల దగ్గర కొంచెం ఆగండి. మీ బోర్డులో ఉన్న 7 సిరీస్ జాతి చిప్‌లలో క్లాకును తయారుచేసే ఎంఎంసీఎం, పీఎల్‌ఎల్, క్లాక్ బఫర్లు, ఇన్‌పుట్–అవుట్‌పుట్ పిన్నులు మారే భాగంలో ఉండటానికి వీల్లేదు. తర్వాత వచ్చిన అల్ట్రాస్కేల్ చిప్‌లలో ఆ సౌకర్యం ఉంది, మీ దాంట్లో లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో డిజైన్ దింపుకుని, అందులో ఫిల్టర్ లోపలే ఉన్న క్లాక్ విజార్డ్‌తో సహా మారే భాగంలో పెట్టేసి, టూల్ తప్పు చూపిస్తే రోజంతా తల పట్టుకుంటారు చాలామంది. కాగితం మీద జాబితా ఉంటే ఆ తప్పు మొదటి పది నిమిషాల్లోనే కనబడుతుంది.

3. సరిహద్దు గీత ఒక్కసారే గీయండి

మారే భాగంలో ఈరోజు రంగు ఫిల్టర్, రేపు ఆకారం ఫిల్టర్. ఎవరొచ్చినా ఒకే గుమ్మంలోంచి రావాలి. అంటే పోర్టుల పేర్లు, వెడల్పు, దిశ అన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి.

ఇద్దరు స్నేహితులు పని పంచుకున్నారనుకోండి. ఒకరు 24 బిట్ల రంగు పిక్సెల్‌తో రాశారు, ఇంకొకరు 8 బిట్ల గ్రే పిక్సెల్‌తో రాశారు. కలిపే రోజున ఒకరి మాట: “నాది మార్చలేన్రా, టెస్ట్‌బెంచ్ అంతా పోద్ది.” రెండోవారిదీ అదే మాట. ఇద్దరిలో తప్పెవరిది? ఎవరిదీ కాదు. గీత గీయకుండా పని పంచుకోవడమే తప్పు. మొదటిరోజే 32 బిట్ల ఏఎక్స్‌ఐ స్ట్రీమ్ అని నిర్ణయించండి. 8 బిట్లే కావలసినవాళ్లు మిగతావి వదిలేస్తారు. ఎవరికో ఒకరికి అదనపు పోర్టు కావాలంటే అందరికీ ఆ పోర్టు ఉంటుంది.

ఇంకొక అలవాటు చేసుకోండి. గీతకు ఇటూ అటూ, ప్రతి సంకేతానికీ ఒక్కో రిజిస్టర్ పెట్టండి. టూల్ ఈ గీత దాటి సర్క్యూట్‌ను కుదించదు, సర్దదు. అందుకే గీత దగ్గర పొడవాటి లాజిక్ ఉంటే టైమింగ్ దెబ్బతింటుంది. రిజిస్టర్లు పెట్టినవాళ్లకు ఆ బాధ ఉండదు.

4. తలుపు మూశాకే పని మొదలుపెట్టండి

ఈ అధ్యాయంలో ఒక్క సూచనే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

కొత్త బిట్లు పడుతున్నంతసేపూ మారే భాగం నుంచి వచ్చే సంకేతాలకు అర్థం ఉండదు. ఒకటి కావచ్చు, సున్నా కావచ్చు, మధ్యలో ఊగవచ్చు. ఆ సంకేతమే బెల్టు పక్కన కాయల్ని తోసే మోటారుకు పోతోందనుకోండి, ఏమవుతుంది? మంచికాయలన్నీ తాలు గుట్టలో పడతాయి. అదే సంకేతం ఏఎక్స్‌ఐ దారిలో ఉంటే ఇంకా ఘోరం. ప్రాసెసర్ ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు చెప్పాల్సిన సర్క్యూట్ అప్పుడే చెరిగిపోయింది. ప్రాసెసర్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. మీ ముందు లైనక్స్ తెర గడ్డకడుతుంది. “బోర్డు పాడైంది సార్” అని ల్యాబుకు తిరిగిచ్చేవాళ్లుంటారు. బోర్డుకేమీ కాలేదు. తలుపు తీసి ఉంచి గోడ కొట్టారు, అంతే.

వరస ఇది:

మొదట, మారే భాగానికి కొత్త పని పంపడం ఆపండి. లోపల సగంలో ఉన్న పని పూర్తయ్యేదాకా ఆగండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. తర్వాత డీకప్లర్‌ను ఆన్ చేయండి. వివాడోలో ఇది సిద్ధంగా దొరుకుతుంది. సరిహద్దు దగ్గరి సంకేతాలన్నింటినీ నిలకడైన విలువలకు కట్టేస్తుంది. ఏఎక్స్‌ఐ దారికి షట్‌డౌన్ మేనేజర్ అని విడిగా ఒకటుంది. మార్పిడి సమయంలో ఎవరైనా ప్రశ్న వేస్తే అది తప్పు జవాబైనా చెప్పి పంపిస్తుంది, వేలాడదీయదు. ఆ తర్వాత పార్షియల్ ఫైలు ఎక్కించండి. ఎక్కింపు పూర్తయ్యాక కొత్త సర్క్యూట్‌ను రీసెట్‌లో పట్టి ఉంచండి. ఆపైన డీకప్లర్ తీసేసి, రీసెట్ వదిలి, పని పంపడం మళ్లీ మొదలుపెట్టండి.

మరి ఆ కాస్త సమయంలో కెమెరా నుంచి వచ్చే ఫ్రేముల సంగతి? మారని భాగం వాటిని డీడీఆర్‌లో దాస్తూనే ఉంటుంది కదా. కొత్త ఫిల్టర్ కుదురుకోగానే దాచినవి ముందు దానికి తినిపించండి. సెకనుకు 30 ఫ్రేముల కెమెరాలో ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లుంటాయి. మార్పిడి అంతకంటే తక్కువలో ముగుస్తుంది, కాబట్టి ఆగే ఫ్రేము ఒకటో రెండో.

ముగుస్తుందని నమ్మకమేమిటి? లెక్క వెయ్యండి. 7020కి పూర్తి బిట్‌స్ట్రీమ్ సుమారు 4 మెగాబైట్లు. మీ మారే భాగం చిప్‌లో మూడో వంతుకు కాస్త తక్కువ, కాబట్టి పార్షియల్ ఫైలు సుమారు 1.2 మెగాబైట్లు అనుకోండి. ప్రాసెసర్ వైపు నుంచి పీసీఏపీ అనే దారిలో పంపితే సెకనుకు 145 మెగాబైట్ల దాకా పోతుంది. అంటే దాదాపు 8 మిల్లీసెకన్లు. చిప్ లోపలి ఐసీఏపీ దారి 32 బిట్ల వెడల్పుతో 100 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, సెకనుకు 400 మెగాబైట్లు. 3 మిల్లీసెకన్లలో అయిపోతుంది. సెకనుకు మీటరు పోయే బెల్టు 8 మిల్లీసెకన్లలో 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఒక మిరపకాయ పొడవు కూడా కాదు! అయితే ఎస్‌డీ కార్డు నుంచి ఫైలు చదివే సమయం దీనికి అదనం, అది చాలా ఎక్కువ. అందుకే మూడు పార్షియల్ ఫైళ్లనూ బోర్డు లేవగానే డీడీఆర్‌లోకి తెచ్చి పెట్టుకోండి.

5. పీబ్లాక్‌ను అందం కోసం గీయకండి

మారే భాగానికి చిప్ మీద కేటాయించే చోటే పీబ్లాక్. 7 సిరీస్‌లో క్లాక్ రీజియన్ ఎత్తు 50 సీఎల్‌బీలు. మీ పెట్టె పైఅంచు, కిందిఅంచు ఆ ఎత్తుకు సరిగ్గా సరిపోయేలా గీయండి. అలా గీసి ‘రీసెట్ ఆఫ్టర్ రీకాన్ఫిగ్’ పెట్టుకుంటే, కొత్త సర్క్యూట్‌లోని ఫ్లిప్‌ఫ్లాప్‌లు మీరు కోడ్‌లో రాసిన తొలి విలువలతో లేస్తాయి. అది పెట్టుకోకపోతే అవి ఏ విలువతో లేస్తాయో చెప్పలేం. సిమ్యులేషన్‌లో బాగుండి బోర్డు మీద పిచ్చిగా ఆడే డిజైన్లలో చాలావాటికి జబ్బు ఇక్కడే ఉంటుంది. మారే భాగాలు రెండుంటే, ఒకే క్లాక్ రీజియన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

పెట్టెను నిండా కుక్కొద్దు. 14,000 లట్ల ఫిల్టర్‌కు 16,000 చోటు అన్నాను. రూటింగ్ పట్టకపోతే ఇంకాస్త పెంచండి. మూడు ఫిల్టర్లలో పెద్దదీ, టైమింగ్‌కు కష్టమైనదీ ఏదో దాన్నే మొదట ఇంప్లిమెంట్ చేయండి. చిన్నదానితో మొదలుపెడితే తొలిరోజు సంతోషంగా ఉంటుంది. మారని భాగం రూటింగ్ దానికి తగ్గట్టు గట్టిపడిపోయాక పెద్దది పట్టదు, మళ్లీ మొదటికి రావాలి.

6. మారనిది మారితే అన్నీ మళ్లీ చేయాలి

రేపు డెమో. రాత్రి పదింటికి ఒక స్నేహితుడికి ఆలోచన వచ్చింది: “ఎల్‌ఈడీ ఇంకో పిన్నుకి మారుద్దాం మామా, చిన్న మార్పేగా.” మార్చారు. పూర్తి బిట్‌స్ట్రీమ్ మళ్లీ తీశారు. పార్షియల్ ఫైళ్లు మాత్రం పాతవే వాడారు. పొద్దున మొదటి మార్పిడికే అంతా తలకిందులైంది. ఎందుకు?

మారని భాగానికి చెందిన తీగలు కొన్ని మారే చోటు మీదుగా కూడా పోతాయి. టూల్ దానికి ఒప్పుకుంటుంది. అందుకే ప్రతి పార్షియల్ ఫైలులో ఆ తీగల బిట్లు కూడా ఉంటాయి. ఆ తీగలు అదే చోట ఉన్నంతకాలం, అదే విలువ మళ్లీ పడుతుంది కాబట్టి సంకేతం చెదరదు. మారని భాగాన్ని తిరిగి రూట్ చేశాక పాత పార్షియల్ ఫైలు ఎక్కిస్తే, ఇప్పుడు వేరేచోట పోతున్న తీగల్ని అది తెంపేస్తుంది.

కాబట్టి ప్రతి పూర్తి బిట్‌స్ట్రీమ్‌కూ ఒక ఫోల్డర్. దానితో పుట్టిన పార్షియల్ ఫైళ్లు అందులోనే. పేరులో తేదీ. బిట్‌స్ట్రీమ్‌లు తీసేముందు పీఆర్ వెరిఫై ఆదేశం నడపండి, అన్ని కాన్ఫిగరేషన్లలో మారని భాగం ఒకటేనా అని అదే పోల్చి చెబుతుంది. డెమో ముందురోజు రాత్రి ఎవరెంత బతిమాలినా మారని భాగం తెరవకండి.

7. ఎక్కించేటప్పుడు మూడు చూసుకోండి

లైనక్స్ నుంచి ఎక్కిస్తుంటే ఇది పార్షియల్ ఫైలు అని గుర్తు ఇవ్వండి. ఇవ్వకపోతే డ్రైవర్ మొత్తం లాజిక్‌ను చెరిపి మొదలుపెడుతుంది, మీ మారని భాగం కూడా పోతుంది. ఫైలు .బిట్ రూపంలో కాకుండా బైట్ల వరస తిప్పిన .బిన్ రూపంలో ఉండాలి. ‘సింక్ వర్డ్ కనబడలేదు’ అని తిట్టిందంటే కారణం ఇదే. ఐసీఏపీ వాడదలిస్తే, జింక్‌లో పీసీఏపీ, ఐసీఏపీ రెండూ ఒకేసారి తెరుచుకోవు. ప్రాసెసర్ వైపు కంట్రోల్ రిజిస్టర్‌లో ఆ బిట్ మార్చాకే ఐసీఏపీ పలుకుతుంది.

8. ఆగలేదని రుజువు చేయండి

ఎల్‌ఈడీ వెలుగుతోంది చూడండి సార్ అంటే సరిపోతుందా? కంటికి 8 మిల్లీసెకన్ల ఆగడం కనబడదు. మారని భాగంలో ఎప్పుడూ ఆగకుండా తిరిగే ఒక కౌంటర్ పెట్టండి. కెమెరా నుంచి వచ్చే ప్రతి ఫ్రేముకూ దాని నుంచి వరస సంఖ్య వెయ్యండి. మార్పిడికి ముందు, మధ్యలో, తర్వాత డీడీఆర్‌లో చేరిన ఫ్రేముల వరస సంఖ్యలు తీసి చూపండి. మధ్యలో ఒక్క సంఖ్య కూడా తప్పిపోలేదంటే, అదీ రుజువు. ఎక్కింపు మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ అదే కౌంటర్ విలువ పట్టుకుంటే మార్పిడికి పట్టిన సమయం కూడా చేతికొస్తుంది. పైన మనం వేసిన అంచనాతో దాన్ని పోల్చి, తేడా ఎందుకొచ్చిందో రిపోర్టులో ఒక పేజీ రాయండి.

ఇవన్నీ ఒకేసారి చేయాలంటే భయంగా ఉందా? మిరపకాయల్ని ప్రస్తుతానికి పక్కనపెట్టండి. ఈ వారం మారని భాగంలో ఒక కౌంటర్, ఒక డీకప్లర్ మాత్రమే ఉంచండి. మారే భాగంలో ఎల్‌ఈడీలను ఎడమకు జరిపేది ఒకటి, కుడికి జరిపేది ఒకటి. మూడు నుంచి ఏడు దాకా చెప్పిన మెట్లన్నీ ఈ బుల్లి డిజైన్‌తోనే ఎక్కండి. ఇది నడిచాక కెమెరా తెచ్చి పెట్టడం మీకు తెలిసిన పనే.

ప్రాజెక్టు పూర్తయ్యాక రెజ్యూమెలో ‘పార్షియల్ రీకాన్ఫిగరేషన్ చేశాను’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ చిప్, మారే భాగంలో లట్లు ఎన్ని, పార్షియల్ ఫైలు ఎన్ని కిలోబైట్లు, మార్పిడికి మీరు కొలిచిన సమయం ఎంత, ఆ సమయంలో పోయిన ఫ్రేములు ఎన్ని, ఇవన్నీ రెండు లైన్లలో రాయండి. ఇంటర్వ్యూలో ఎదుటివారి వేలు ఆ అంకెల మీదికే పోతుంది. ప్రశ్నలు డీకప్లర్ గురించీ, రీసెట్ గురించీ, ఏఎక్స్‌ఐ వేలాడటం గురించీ వస్తాయి, వాటికి జవాబులు మీ దగ్గరే ఉంటాయి.